లేని మగాడి బూట్లు

పోయిన వారం సంచికని పల్లీల పొట్లానికి వాడేసిన వాళ్ల కోసం జరిగిన కథ క్లుప్తంగా.

హారిమ్ కొరియాలో, ఇంచొన్ అనే రేవు పట్నంలో ఒక చిన్న సెల్‌ఫోన్ గేముల కంపెనీలో బొమ్మలు గీస్తుంది. ఆమె గీసిన వంటల దేవత కింబాప్ అనే అన్నం చుట్టల మీద నువ్వులు చల్లుతూ బొటనవేలినీ చూపుడువేలినీ దగ్గరగా పెట్టింది. నువ్వుల్ని ఎవరైనా అలాగే పట్టుకుంటారు, పలుగుతో పట్టుకోరు. కానీ ఆ రెండు వేళ్ల సైగకి ఇక్కడ ఇంకో అర్థం ఉంది: మగాడి కొలత ఇంతేనని. దేశంలో సగంమంది మగాళ్లు స్కేలు తీసి ఆ వేళ్ల మధ్య ఖాళీని కొలిచారు. మిగతా సగంమంది స్కేలు కోసం ఇల్లంతా వెతికారు. కంపెనీ క్షమాపణ చెప్పింది. దేవత చేతికి గరిటె వచ్చింది. హారిమ్ పేరూ, మగపిల్లాడిలా కత్తిరించుకున్న జుట్టుతో ఆమె ఫోటో ఇంటర్నెట్‌కి ఎక్కాయి.

అంతటితో ఆగితే ఈ వారం కథే ఉండేది కాదు. ఆమె ఏడాది కిందట పెట్టిన పక్కింటి పిల్లి ఫోటో ఒకటి ఎవడో తవ్వి తీశాడు. పిల్లి పార్సిల్ పెట్టెలో కూర్చుని ఉంది. పెట్టె మీద చీటీ ఉంది. చీటీ మీద భవనం పేరు, దాని కింద 302, ఇంకా కింద ఒక మగాడి పేరు: మేంగ్ చిల్‌గాప్.

ప్రేమ వద్దు, పడక వద్దు, పెళ్లి వద్దు, పిల్లలు వద్దు అని నాలుగు వద్దుల మీద ఒట్టేసిన ఆడది ఇంట్లో మగాణ్ణి దాచిపెట్టిందని శుక్రవారం సాయంత్రానికల్లా సముద్రంలో చేపలకి కూడా తెలిసిపోయింది.

ఆదివారం పొద్దున పదకొండింటికి గుసుల్ అక్క విచారణకి వచ్చింది.

నాలుగు వద్దుల మీద ఒట్టేసినవాళ్లు మొత్తం ఆరుగురు. వాళ్లకి పెద్ద గుసుల్. నలభై ఒకటేళ్ల మనిషి. రేవు దగ్గర చేపల వేలం పాడుతుంది. ఆ గొంతు ఎలాంటిదంటే, ఆమె ఇక్కడ పీతల ధర చెబితే అవతలి ఒడ్డున పీతలు సిగ్గుపడతాయి. వస్తూ ఒక సంచీ కమలాలు తెచ్చింది. విచారణకి వచ్చినా ఉత్త చేతులతో రాకూడదు కదా. ఇంకో చేతిలో గుమ్మం బయటి నుంచి తెచ్చిన ఒక జత బూట్లు ఉన్నాయి. పాత మిలిటరీ బూట్లు. వాటిని చచ్చిన ఎలకని పట్టుకున్నట్టు సరిగ్గా ఆ రెండు వేళ్లతోనే పట్టుకుంది.

కూర్చోక్కా అంది హారిమ్.

"కూర్చోను. ముందు ఇల్లు చూస్తాను."

ఆ ఇల్లు చూడ్డానికి తిరగక్కర్లేదు. గుమ్మంలో నిలబడి తుమ్మితే నాలుగు గోడలకీ తడి తగులుతుంది. అయినా గుసుల్ పద్ధతిగా చూసింది. బట్టలారేసే స్టాండు మీద మూడు మగ చెడ్డీలు, ఒక్కోదాంట్లో ఇద్దరు పట్టేంత. బాత్రూంలో జుట్టు కత్తిరించుకునే మిషను. చేతిలో బూట్లు. ఆ మూడూ కలిపి చూస్తే, పాపం, హారిమ్‌కే తన ఇంట్లో మగాడున్నాడేమోనని అనుమానమొచ్చింది.

"ఇప్పుడు చెప్పు. ఎవడీ చిల్‌గాప్?"

"ఎవడూ లేడక్కా. నేను పుట్టించాను."

మూడేళ్ల కిందట ఈ గదిలో దిగిన మొదటి వారం, పార్సిల్ తెచ్చిన మనిషి చీటీ మీద పేరు చదివి ఒక్కదానివేనా అని అడిగాడు. ఊరికే అడిగాడేమో. కానీ ఆ రాత్రంతా హారిమ్ తలుపుకి వీపు ఆనించి కూర్చుంది. మర్నాటి నుంచి పార్సిళ్లన్నీ మేంగ్ చిల్‌గాప్ పేరు మీద వచ్చాయి. పేరు వింటేనే ఆరడుగుల మనిషి, మెడ లేనివాడు, పచ్చి వెల్లుల్లి నమిలేవాడు కనబడాలని ఒక పూటంతా ఆలోచించి పెట్టింది. తర్వాత బూట్లు కొంది, సెకండ్ హ్యాండ్‌లో. రోజూ సాయంత్రం వాటిని అటూ ఇటూ జరిపేది, వారానికోసారి బురద పూసేది. ఇంటి ఓనరమ్మ అడిగితే, రేవులో క్రేను నడుపుతాడు, ఎప్పుడూ నైట్ డ్యూటీ, పగలంతా నిద్ర అని చెప్పింది. జన్మలో మగాడి చెడ్డీ ఉతకనని ఒట్టేసిన మనిషి, నెలకోసారి లేని మగాడి చెడ్డీలు దుమ్ము పట్టాయని ఉతికేది. ఇంచొన్ మొత్తం మీద మొగుణ్ణి ఇంత శ్రద్ధగా చూసుకునే పెళ్లాం ఇంకోతి లేదు.

ఈ గొడవలో సంతోషపడింది హారిమ్ వాళ్లమ్మ ఒక్కతే. వార్త వినగానే ఫోన్ చేసి ఆనందంతో ఏడ్చింది. అల్లుడికని పియర్ పళ్లు ఒక పెట్టె పంపింది. చిల్‌గాప్ పేరు మీదే.

గుసుల్ అక్క ఇంతా విని ఒక కమలాపండు తొక్క తీసింది. తొనలు ఒలిచి హారిమ్ ముందు పెట్టింది. అప్పుడు గొంతు తగ్గించి, తనకి తెలుసునని, ఫోటో చూడగానే తెలిసిందని చెప్పింది.

"ఎలా తెలుసు?"

"నా దగ్గరా ఒకడున్నాడు. తాక్ మాన్‌సొక్. మాజీ బాక్సరు. కోపిష్టి."

ఇద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. నవ్వాల్సిన చోటే, కానీ నవ్వు సగం దాకా వచ్చి ఆగిపోయింది. మిగతా నలుగురి ఇళ్లలో కూడా తలా ఒకడు ఉండే ఉంటాడని, మగాళ్లు వద్దన్న ఆరుగురికి లెక్కగా ఆరుగురు మగాళ్లు ఉన్నారని ఇద్దరికీ ఒకేసారి తట్టింది.

అయితే ఆ నలుగురు ఇవాళ సాయంత్రం లోపల జవాబు కావాలంటున్నారు. చిల్‌గాప్ లేడని హారిమ్ అందరూ చూసేలా రాయాలట, లేకపోతే ఆమె వాళ్లలో మనిషి కాదట. గుసుల్ ఆ మాట చెబుతూ కిటికీ వైపు చూసింది.

"రాస్తే ఏమవుతుందో తెలుసుగా అక్కా?"

తెలుసు. స్కేలు పట్టుకున్న మగాళ్లకి భవనం పేరు తెలుసు, గది నంబరు తెలుసు. వాళ్లకి తెలియనిది ఒక్కటే, ఆ గదిలో ఆరడుగుల చిల్‌గాప్ లేడని. ఆ ఒక్కటీ హారిమ్ తన చేత్తో రాసి పెట్టాలి. రాయకపోతే, ఈ ఊళ్లో ఆమెకి జ్వరమొస్తే గంజి కాచి తెచ్చే ఐదుగురూ పోతారు. రాస్తే తలుపు ముందు నుంచి బూట్లు పోతాయి.

మంగళవారం నుంచి ఆమెకి నాలుగు వేల మెసేజీలు వచ్చాయి. తిట్లలో ఇన్ని రకాలుంటాయని అప్పటిదాకా ఆమెకి తెలియదు, కొన్నిటికి నిఘంటువు చూసుకోవాల్సి వచ్చింది. ఏ ఒక్క తిట్టూ లేని మెసేజీ మాత్రం ఒకటి ఉంది. శుక్రవారం రాత్రి వచ్చింది. అందులో మూడు అంకెలే ఉన్నాయి. 302. అది చూశాకే ఆమె తలుపుకున్న అంకెల తాళం కోడ్ మార్చింది. తలుపు లోపలి గొలుసు మాత్రం అలాగే వేలాడుతోంది, పోయిన చలికాలం గది వెచ్చబెట్టే బాయిలరు బాగుచేసేవాడు వచ్చినప్పుడు స్క్రూలు ఊడాయి. బిగించమని ఓనరమ్మకి నాలుగుసార్లు చెప్పింది. ఇంట్లో అంత మగాడుండగా రెండు స్క్రూలు బిగించలేడా అంది ఓనరమ్మ. 

చివరికి దారి గుసులే చూపించింది. బయట ఏమీ రాయొద్దు, మనవాళ్లు నలుగురికీ సాక్ష్యం వినిపిస్తే చాలంది. సాక్షి ఓనరమ్మ. కింద ఇంట్లో ఉంటుంది. ఎవరు ఏ రోజు ఏ చెత్త ఏ సంచీలో పడేశారో ఏడేళ్లు వెనక్కి చెప్పగలదు. మూడేళ్లలో చిల్‌గాప్‌ని ఒక్కసారైనా కళ్లతో చూశారా అని అడగాలి. లేదంటుంది. అది రికార్డు చేసి పంపాలి. అంతే.

హారిమ్ స్పీకర్ పెట్టి ఫోన్ చేసింది. మొదటి రింగుకే ఎత్తింది ఓనరమ్మ.

"ఆ, చెప్పమ్మా. మీ ఆయన పైకి వచ్చేశాడా?"

గుసుల్ చేతిలో కమలాతొన అలాగే ఉండిపోయింది.

"ఎవరొచ్చారండీ?" అంది హారిమ్.

"ఎవరేంటి, చిల్‌గాప్. ఇప్పుడే. నైట్ డ్యూటీ దిగి వచ్చాడట, ఫోన్ చార్జింగ్ అయిపోయిందట, కింద గేటు కోడ్ మర్చిపోయి చలిలో నిలబడ్డాడు పాపం. క్రేను మనిషివి నువ్వేనా బాబూ అంటే అవునండీ అన్నాడు. మూడేళ్లకి ఇవాళ మొహం చూశాను. ఎంత మర్యాద. నువ్వు ఒక్క రోజైనా నాకు అలా వంగి దణ్ణం పెట్టావా?"

 అతనికి క్రేను సంగతి తెలియదు. ఓనరమ్మే అందించింది, అతను అందుకున్నాడు. గుసుల్ ఆమె భుజం పట్టుకుని అడుగు అన్నట్టు ఊపింది.

"ఏ కోడ్ ఇచ్చారు మీరు?"

"గేటుది ఇచ్చాను. మీ తలుపుది కూడా గుర్తులేదంటే అదీ ఇచ్చాను. బాయిలరు బాగుచేయించినప్పుడు నువ్వు చెప్పిందేగా."

హారిమ్ నిజం చెప్పేసింది. మూడేళ్లుగా ఎవరికీ చెప్పని నిజం, ఒక్క గుక్కలో చెప్పింది. చిల్‌గాప్ అనే మనిషి లేడు, తనే కల్పించింది, పైకి వస్తున్నవాడెవడో తనకి తెలియదు, తను ఒక్కతే ఉంటుంది.  అంతా విని ఓనరమ్మ నిట్టూర్చింది.

"చూడమ్మాయ్. మొగుడూ పెళ్లాలన్నాక గొడవలుంటాయి. కొట్టుకోండి, తిట్టుకోండి. అంతేగానీ మొగుణ్ణి లేడనకూడదు. అరిష్టం."

ఫోన్ పెట్టేసింది.

తలుపు అవతల తాళం మూత పైకి జరిగిన చప్పుడైంది.

నాలుగు బీప్‌లు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. తొందరేమీ లేదు, రోజూ వచ్చే మనిషి నొక్కినట్టే నొక్కాడు. తర్వాత తప్పు కోడ్‌కి మోగే మోత, తల తిప్పి కాదన్నట్టు. పాత కోడ్. హారిమ్ నేల మీద కూలబడిపోయింది.  గుసుల్ అక్క నోటి మీద వేలు పెట్టుకుని, ఆమె ఫోన్ తీసి చేతిలో పెట్టింది. హారిమ్ పోలీసులకి మెసేజీ పంపింది. తలుపు, గది, మగాడు, ఒంటరి, అని నాలుగు ముక్కలు కొట్టడానికి నాలుగు సంవత్సరాలు పట్టింది. వెంటనే జవాబొచ్చింది. బండి బయల్దేరింది, ఏడు నిమిషాలు, తలుపు తియ్యొద్దు.

మళ్లీ నాలుగు బీప్‌లు. మళ్లీ కాదన్న మోత.

అప్పుడు గొంతు వినిపించింది. మెత్తని గొంతు, రేడియోలో వాతావరణం చదివేవాడిలా.

"ఏమోయ్. నేనే, చిల్‌గాప్‌ని. కోడ్ మార్చావా?"

మూడేళ్లు బురద పూసి, చెడ్డీలు ఉతికి పెంచిన మగాడికి ఇవాళ నోరొచ్చింది. హారిమ్ రెండు చేతులతో నోరు మూసుకుంది.

"తలుపు తియ్యి. అలిసిపోయి వచ్చాను." కాస్త ఆగాడు. కింద చూసినట్టున్నాడు. "నా బూట్లు ఇక్కడే ఉండాలే. ఏవి?"

బూట్లు లోపలున్నాయి. విచారణలో సాక్ష్యంగా గుసుల్ పక్కన, కమలా తొక్కల మధ్య. గుమ్మం బయట మూడేళ్లలో మొదటిసారి ఖాళీ.

గుసుల్ అక్క వాటి వైపు చూసింది. తలుపు వైపు చూసింది. చడీచప్పుడు లేకుండా తన కాళ్లు ఆ బూట్లలో దూర్చింది. అవి ఆమెకి రెండు సైజులు పెద్దవి. లేచి నిలబడి నేల అదిరేలా మూడడుగులు వేసింది. చేపల వేలంలో ఆఖరి పాట పాడేటప్పుడు బొడ్డు దగ్గర నుంచి తీసే గొంతు తీసింది.

"ఎవడ్రా నువ్వు? చిల్‌గాప్‌ని నేను. డ్యూటీ చేసొచ్చి పడుకున్నవాణ్ణి లేపుతావా? ఉండు, వస్తున్నా."

 హారిమ్‌కి ఆ గొంతు ఎవరిదో తెలుసు, ఆ పక్కనే కూర్చుంది. అయినా క్షణంపాటు నిజంగానే తన గదిలో ఆరడుగుల మనిషి ఉన్నాడనిపించింది. ఆ క్షణంలో తనకి ఎంత ధైర్యమొచ్చిందో చూసుకుంటే ఏడుపొచ్చింది.

నేల మీద పాక్కుంటూ తలుపు దగ్గరికి వెళ్లి, మెల్లగా లేచి కంటి రంధ్రంలోంచి చూసింది.

రాక్షసుడు ఎవరూ లేరు. ముప్పై ఏళ్ల మనిషి. ఇస్త్రీ చొక్కా, శుభ్రమైన జోళ్లు. బస్సులో కనబడితే బ్యాగు కాస్త పట్టుకోండి అని ఇచ్చేలా ఉన్నాడు. తల పక్కకి వంచి వింటున్నాడు. తర్వాత చిన్నగా నవ్వుకున్నాడు. చెయ్యి పైకెత్తి సరిగ్గా రంధ్రానికి ఎదురుగా పెట్టాడు. బొటనవేలు, చూపుడువేలు. మధ్యలో నువ్వుగింజ పట్టేంత ఖాళీ.

అలా ఎంతసేపు పట్టుకున్నాడో. ఆ ఖాళీలోంచి అతని కన్ను కనిపించింది.

తర్వాత వెనక్కి తిరిగి మెట్లు దిగి వెళ్లిపోయాడు.

గుసుల్ గోడకి చేరగిలబడి నెమ్మదిగా జారి కూర్చుంది.  బూట్ల లేసులు విప్పడానికి మూడుసార్లు ప్రయత్నించి వదిలేసింది. పోయాడు, అంది. పోలీసులు రానీ, అంది. ఇంకా ఐదు నిమిషాలే, అంది. మాన్‌సొక్‌కి ఇంత గొంతు ఎప్పుడూ పెట్టలేదే, అని కూడా అంది. ఈసారి నవ్వు పూర్తిగా వచ్చింది, ఇద్దరికీ, చప్పుడు లేకుండా, కళ్ల నీళ్లతో.

ఫోన్ మోగింది. ఓనరమ్మ.

హారిమ్ ఎత్తింది. ఏమీ అనకముందే అవతల నుంచి అందుకుంది. ఆ గొంతులో ఇందాకటి నిట్టూర్పు లేదు. మూడేళ్లుగా దాచుకున్న కోపమంతా ఉంది.

"సిగ్గులేదా నీకు? నీ మొగుడు కింద నా గుమ్మంలో కూర్చుని ఏడుస్తున్నాడు. రాత్రంతా కష్టపడి ఇంటికొస్తే లోపల ఇంకో మగాడి గొంతు వినిపించిందట. వాడే చిల్‌గాప్‌ని అన్నాడట. అందుకా తల్లీ, నాకు మొగుడే లేడన్నావు?"

"అది మగాడు కాదండీ. నా మాట వినండి. అది మా అక్క—"

"అక్కకి ఆ గొంతా? నేను చెవులు పెట్టుకుని పుట్టాను. నాకు కిందదాకా వినిపించింది." పక్కన ఏవో తాళాలు గలగలమన్నాయి. "నా భవనంలో ఇలాంటివి సాగవు. నీ తలుపు కార్డు నా దగ్గరుంది. వస్తున్నాను."

ఫోన్ తెగిపోయింది.

కార్డు. తాళానికి ఆనిస్తే చాలు, తలుపు తెరుచుకుంటుంది. గదిలో దిగినప్పుడు ఒకటి ఓనరమ్మకి ఇచ్చింది, అందరూ ఇస్తారు. శుక్రవారం రాత్రి, తాళంతోపాటు దాని పెట్టెలో ఎప్పుడో వచ్చిన కాగితం ముందు పెట్టుకుని కోడ్ మార్చినప్పుడు అందులో ఆఖరి వాక్యం కూడా చదివింది. కోడ్ మారినా కార్డు పనిచేస్తుంది.

హారిమ్ మళ్లీ ఫోన్ చేసింది. కింది అంతస్తులో ఎక్కడో మోగుతూనే ఉంది. ఓనరమ్మ మెట్లెక్కేటప్పుడు ఫోన్ ఇంట్లోనే వదిలేస్తుంది, రెయిలింగు పట్టుకోవడానికి రెండు చేతులూ కావాలి.

గుసుల్ అక్క వేలాడుతున్న గొలుసు అందుకుని, ఊడిన స్క్రూ కన్నాలకేసి బొటనవేలితో నొక్కిపట్టింది. బూట్లు ఇంకా ఆమె కాళ్లకే ఉన్నాయి. పోలీసు బండికి నాలుగు నిమిషాలు. మెట్లు ముప్పై ఆరు.

ప్లాస్టిక్ చెప్పుల టపటప మొదటి అంతస్తు దాటింది. దాని వెనక ఇంకో జత అడుగులు, చప్పుడు కాకుండా.

"ఏడవకు నాయనా," అంటోంది ఓనరమ్మ. "నేనున్నానుగా. తలుపు నేను తీయిస్తాను."